పసిడి బాటలు – 6: చిల్కూట్ కనుమ, ఒక్కొక్కరికి టన్ను బరువు

గత భాగంలో కాలిఫోర్నియా వాగుల దగ్గర ఆగాం. ఏటి ఇసుకను పళ్లెంలో కడిగి బంగారం తీసే విద్య 1849 తరువాత వేలమందికి పట్టుబడింది. అక్కడి వాగులు ఖాళీ అయ్యాక కొందరు ఇళ్లకు వెళ్లారు, కొందరికి మాత్రం ఇల్లు పట్టలేదు. ఒక నది తరువాత మరో నది పట్టుకుని ఉత్తరానికి జరుగుతూ 1858లో ఫ్రేజర్ నదికి, ఆ తరువాత కారిబూ కొండలకు, 1880 నాటికి అలాస్కా తీరంలో ఇప్పుడు జూనో పట్నం ఉన్న చోటికి చేరారు. ఆ తీరానికి వెనుక మంచు కొండల గోడ ఉంది. గోడకు అవతల యూకాన్ నది పుడుతోంది. అక్కడికి పోవడానికి ఉన్న కొద్దిపాటి సందుల్లో ఒకటి చిల్కూట్ కనుమ.

సముద్రపు ఒడ్డున ఉన్న డయీ నుంచి కెనడాలోని బెన్నెట్ సరస్సు దాకా ఈ దారి పొడవు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు. ఇప్పుడు వేసవిలో వీపున సంచీ తగిలించుకుని వచ్చేవాళ్లు మూడు నుంచి ఐదు రోజుల్లో నడుస్తారు. 1897–98 చలికాలంలో ఇదే దారి దాటడానికి ఒక్కో మనిషికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే పసిడి వేట చరిత్ర సగం అర్థమైనట్లే.

దారి ఎవరిది?

అన్వేషకుల దారిగా పేరుపడ్డ ఈ బాట వాళ్లు వేసింది కాదు. తీరంలోని ట్లింగిట్ జాతివారు తరతరాలుగా ఈ కనుమ మీదుగా వర్తకం చేశారు. వసంతంలో ఏళ్లలోకి గుంపులుగా ఎదురీదే యూలకాన్ అనే చిన్న చేపను మరగబెట్టి నూనె తీసేవారు. చలిదేశంలో ఆ నూనెకు గిరాకీ ఎక్కువ. నూనె, ఎండుచేప, సముద్రపు గవ్వలు లోపలికి మోసుకెళ్లి, అక్కడి టాగిష్ తదితర జాతుల దగ్గర బొచ్చుతోళ్లు, చర్మాలు తీసుకుని వచ్చేవారు. దారి మీద హక్కు కుటుంబాల వారీగా ఉండేది. అనుమతి లేనివాళ్లు కొండ ఎక్కడానికి వీల్లేదు.

ఆ హక్కును వాళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నారో 1852లో తెలిసింది. హడ్సన్స్ బే కంపెనీ యూకాన్ లోపలి ప్రాంతంలో ఫోర్ట్ సెల్కర్క్ అనే కోఠీ కట్టి, తోళ్లు నేరుగా కొనడం మొదలుపెట్టింది. చిల్కాట్ ట్లింగిట్లు కొండలు దాటి వందల మైళ్లు వెళ్లి ఆ కోఠీని దోచి మూయించారు. వాళ్ల నాయకుడు కోక్లక్స్ 1869లో, అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ డేవిడ్సన్ అడిగితే, తమవాళ్లు లోపలికి వెళ్లే దారుల పటం గీసి ఇచ్చాడు. ఇద్దరు భార్యలు పక్కన కూర్చుని సాయపడ్డారు. నదులు, సరస్సులు, కొండలు, మజిలీలు అన్నీ జ్ఞాపకం మీదే గీశారు. ఆ ప్రాంతానికి కొలతలు తీసేవాళ్లు రాకముందు కాగితం మీద పడిన విలువైన పటాల్లో అది ఒకటి.

1880లో అమెరికా నౌకాదళ అధికారి లెస్టర్ బియర్డ్స్లీ మధ్యవర్తిగా ఒక ఒప్పందం కుదిరింది. అన్వేషకులు కనుమ దాటవచ్చు, బొచ్చుతోళ్ల వర్తకం జోలికి మాత్రం పోకూడదు. ఆ ఏడాది ఎడ్మండ్ బీన్ నాయకత్వంలో సుమారు 20 మంది దాటారు. అక్కడి నుంచి ట్లింగిట్లకు కొత్త సంపాదన దొరికింది: బరువులు మోయడం. మగవాళ్లతో పాటు ఆడవాళ్లు, పిల్లలు కూడా తమ శక్తికొద్దీ మూటలెత్తారు. బేరం గట్టిగా చేసేవారు. చెల్లించకపోతే బరువు అక్కడే దించేసేవారు.

పందిమాంసం మోసిన మనిషి

ఆ మోతగాళ్లలో టాగిష్ జాతికి చెందిన కీష్ ఒకడు. 1887లో కెనడా ప్రభుత్వం తరఫున కొలతలు తీయడానికి వచ్చిన విలియం ఓగిల్వీ సామాన్లు మోశాడు. ఒక్క విడతలో 156 పౌండ్ల ఉప్పుపంది మాంసం వీపున వేసుకుని కనుమ ఎక్కించాడని ఓగిల్వీ రాసిపెట్టాడు. అంటే దాదాపు 71 కిలోలు. నడవడానికే ఊపిరి అందని నిట్టనిలువు ఎక్కుడులో, రాళ్ల మీదుగా. ఆ బలానికే అతడికి స్కూకమ్ జిమ్ అనే పేరు స్థిరపడింది.

1896 ఆగస్టు 16న ఈ కీష్, అతడి మేనల్లుడు కా గూఖ్, చెల్లెలు షా ట్లాను పెళ్లాడిన జార్జ్ కార్మాక్ కలిసి క్లోండైక్ నదిలో కలిసే రాబిట్ క్రీక్ అనే వాగులో బంగారం చూశారు. మొదట చూసింది తానేనని కార్మాక్ చెప్పుకున్నాడు. కీష్ చూశాడని అతడి బంధువులు చెప్పారు. రికార్డులోకి మాత్రం ఆవిష్కర్తగా కార్మాక్ పేరే ఎక్కింది. ఆదివాసి పేరిట ఆ హక్కు నమోదు చేయనివ్వరని అతడు వాదించాడు. ఆ వాగుకు తరువాత బొనాంజా క్రీక్ అని పేరు మార్చారు.

చుట్టుపక్కల ఫార్టీమైల్ లాంటి శిబిరాల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న పాత అన్వేషకులు కొద్ది వారాల్లోనే వచ్చి మంచి చోట్లన్నీ గుంజలు పాతి హద్దులు పెట్టుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోవాలి. బయటి లోకానికి కబురు అందేసరికి పంపకం దాదాపు పూర్తయిపోయింది.

సియాటిల్ రేవులో ఒక ఓడ

కబురు అందింది 1897 జూలైలో. ఆ నెల మధ్యలో ఎక్సెల్సియర్ అనే ఓడ శాన్ ఫ్రాన్సిస్కోకు, 17న పోర్ట్‌లాండ్ అనే ఓడ సియాటిల్‌కు వచ్చాయి. చిరిగిన బట్టలతో దిగిన మనుషులు బంగారం నింపిన సంచులను, పెట్టెలను ఈడ్చుకుంటూ నడిచారు. టన్ను బంగారం వచ్చిందని పత్రికలు రాశాయి. నిజానికి రెండు టన్నులకు పైనే ఉంది.

అమెరికా అప్పటికి నాలుగేళ్లుగా ఆర్థిక మాంద్యంలో ఉంది. 1893లో బ్యాంకులు కూలి, రైలు కంపెనీలు దివాలా తీసి, లక్షల మంది పని పోగొట్టుకున్నారు. అలాంటి సమయంలో ఈ వార్త గడ్డివామిలో నిప్పురవ్వలా పడింది. గుమాస్తాలు, ట్రాము డ్రైవర్లు, పోలీసులు, పంతుళ్లు పనులు వదిలేశారు. సియాటిల్ మేయర్ డబ్ల్యూ.డి. వుడ్ టెలిగ్రాం ద్వారా రాజీనామా పంపించి ఓడ ఎక్కే ఏర్పాట్లలో పడ్డాడు. సుమారు లక్షమంది బయలుదేరారని చరిత్రకారుల అంచనా. వీళ్లలో ఎక్కువమందికి పళ్లెం ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. అప్పోసప్పో చేసి, ఇల్లు తాకట్టు పెట్టి వచ్చినవాళ్లే చాలామంది.

స్కాగ్వే రేవు నుంచి వైట్ పాస్ అనే మరో దారి ఉండేది. ఎత్తు తక్కువ, గుర్రాలు పోతాయి అని ప్రచారం చేశారు. బురద, రాళ్లు, మోయలేని బరువుల మధ్య ఆ దారిలో దాదాపు 3,000 గుర్రాలు చచ్చాయి. అందుకే డబ్బు లేనివాళ్లు డయీలో దిగి చిల్కూట్ వైపు తిరిగారు.

టన్ను లెక్క

డయీ నుంచి దారి టయా నది వెంట సాగుతుంది. మొదటి మజిలీ ఫినెగన్స్ పాయింట్, తరువాత కాన్యన్ సిటీ, ఆ తరువాత చెట్లు అయిపోయే చోట షీప్ క్యాంప్. ఇక్కడిదాకా బండి మీదనో, మంచు బండి లాగుకుంటూనో రావచ్చు. దాని పైన స్కేల్స్ అనే చదును. మోతగాళ్లు మూటలను ఇక్కడ మళ్లీ తూకం వేసి, ముందున్న నిట్టనిలువు ఎక్కుడుకు కొత్త రేటు అడిగేవారు. ఇవ్వలేనివాళ్లు తామే మోసుకున్నారు.

కనుమ శిఖరం ఎత్తు 3,500 అడుగులు. స్కేల్స్ నుంచి అక్కడికి అర మైలు ఉంటుందేమో, ఆ అర మైలులోనే దాదాపు 1,000 అడుగులు ఎక్కాలి. చలికాలంలో గుర్రం కాదు కదా కుక్క కూడా బరువుతో ఎక్కలేదు. కొందరు మంచులో సుమారు 1,500 మెట్లు చెక్కి, తాడు కట్టి, ఎక్కేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేశారు. వాటికి బంగారు మెట్లు అని పేరు వచ్చింది.

1898 ఫిబ్రవరిలో కెనడా మౌంటెడ్ పోలీసులు శిఖరం మీద గుడారం వేసి కాపలా పెట్టారు. వాళ్ల అధికారి శామ్ స్టీల్ పట్టుదల మనిషి. ఏడాదికి సరిపడా తిండి లేనివాళ్లను లోపలికి రానివ్వలేదు. అవతల పండే పంట లేదు, దుకాణాల్లో సరుకు లేదు. ఆ చలికాలంలోనే, బంగారు వాగుల దగ్గర వెలసిన డాసన్ పట్నం పస్తుల అంచు దాకా వెళ్లింది. ఒక్కో మనిషి తెచ్చుకోవాల్సిన గోధుమపిండే 400 పౌండ్లు. చిక్కుళ్లు, ఉప్పుమాంసం, టీ, పంచదార, గుడారం, పొయ్యి, రంపం, మేకులు, గడ్డపారలు కలిపితే మొత్తం టన్ను దగ్గరికి వచ్చేది.

మనిషి మోయగలిగింది విడతకు 50 పౌండ్లు అనుకుందాం. టన్ను చేరాలంటే 40 సార్లు ఎక్కాలి. దారంతా వీపునే మోస్తే, తిరిగి వచ్చే నడకతో కలిపి 33 మైళ్ల దారి 2,600 మైళ్లవుతుంది. మంచు బండ్ల వల్ల కింది భాగంలో కొంత కలిసివచ్చింది. మెట్ల దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

మెట్ల మీద ఒక్క మనిషికే చోటు. ముందువాడి మడమను చూస్తూ అందరూ ఒకే అడుగు వెయ్యాలి. ఒకడు ఆగితే కిందనున్న వందలమంది ఆగుతారు. ఊపిరి తీసుకోవడానికి పక్కకు చెక్కిన చిన్న అరుగుల మీదికి తప్పుకోవచ్చు, కానీ ఒకసారి వరస వదిలాక మళ్లీ సందు దొరకడానికి గంటలు పట్టేది. పైన మూట దించి, మంచు కప్పేసినా ఆనవాలు దొరికేలా పక్కన పొడవాటి కర్ర పాతేవారు. తరువాత పార మీద కూర్చుని జారుడు గాడిలో నిమిషాల్లో కిందికి వచ్చేవారు. వచ్చి మళ్లీ వరస చివర నిలబడేవారు. ఫొటోగ్రాఫర్ ఎరిక్ హెగ్ తీసిన చిత్రాల్లో తెల్లటి కొండ మీద ఆ నల్లటి మనుషుల గీత ఇప్పటికీ చూడవచ్చు. చార్లీ చాప్లిన్ 1925లో తీసిన ‘ది గోల్డ్ రష్’ మొదటి సన్నివేశం ఆ దృశ్యానికి ప్రతిరూపమే.

రచయిత జాక్ లండన్ కూడా ఇక్కడ మూటలు మోసినవాడే. 1897 ఆగస్టులో డయీలో దిగేనాటికి అతడికి 21 ఏళ్లు. మరుసటి ఏడాది స్కర్వీ జబ్బుతో, దాదాపు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లాడు. అతడికి పేరు, డబ్బు తెచ్చినవి ఆ ఉత్తర దేశం మీద రాసిన కథలు.

1898 ఏప్రిల్ 3

ఆ రోజు మట్టల ఆదివారం. అంతకుముందు చాలా రోజులు విపరీతంగా మంచు కురిసింది. తరువాత గాలి వేడెక్కింది. పాత మంచు మీద కొత్త మంచు పట్టు లేకుండా నిలిచింది. ట్లింగిట్ మోతగాళ్లు కొండను చూసి, ఆ రోజు పైకి ఎక్కబోమని చెప్పి ఆగిపోయారు. ప్రమాదం ఉందని హెచ్చరించారు కూడా. చాలామంది వినలేదు.

తెల్లవారకముందే చిన్న చరియలు విరిగిపడటం మొదలైంది. స్కేల్స్ దగ్గరున్నవాళ్లు భయపడి, ఒక తాడు పట్టుకుని వరసగా షీప్ క్యాంప్ వైపు దిగసాగారు. మధ్యాహ్నం వేళ పెద్ద చరియ వచ్చి ఆ వరస మీదే పడింది. షీప్ క్యాంప్ నుంచి వెయ్యిమందికి పైగా పారలు పట్టుకుని పరుగెత్తి వచ్చి తవ్వారు. కొద్దిమందిని ప్రాణాలతో బయటికి తీశారు. సుమారు 60 మంది చనిపోయారు. డయీ దగ్గరి చిన్న శ్మశానంలో వరసగా సమాధి పలకలున్నాయి. దాదాపు అన్నిటి మీదా ఒకే తేదీ ఉంటుంది.

కొండ గురించి ఆ కొండ మనుషులు చెప్పిన మాట విని ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. కొద్ది రోజుల్లోనే మెట్ల మీద వరస మళ్లీ మొదలైంది.

సరస్సు ఒడ్డున రంపాలు

కనుమ దాటాక క్రేటర్ లేక్, హ్యాపీ క్యాంప్, డీప్ లేక్, లిండెమన్, చివరకు బెన్నెట్. అక్కడి నుంచి డాసన్‌కు నీటి మీద సుమారు 550 మైళ్లు. పడవ ఎవరికి వారే చేసుకోవాలి. చెట్టు నరికి, దుంగను ఎత్తైన మంచె మీద పెట్టి, ఒకడు పైన, ఒకడు కింద నిలబడి రంపం లాగాలి. కిందివాడి కళ్లలో పొట్టు పడుతుంది, పైవాడికి నడుం పట్టేస్తుంది. గీత తప్పిందంటే తప్పు నీదంటే నీదని గొడవ. కనుమ మీద కలిసి మోసిన స్నేహాలు ఎన్నో ఈ మంచెల దగ్గర తెగిపోయాయి.

1898 మే 29న సరస్సుల మీది మంచు కరిగి కదిలింది. స్టీల్ ప్రతి పడవకూ నంబరు వేయించి, ఎక్కినవాళ్ల పేర్లు రాయించాడు. ఆ లెక్కలో 7,000కు పైగా పడవలున్నాయి.

చివరికి డాసన్ చేరినవాళ్లు 30,000 నుంచి 40,000 మంది. వాళ్లలో బంగారం అంటూ చూసినవాళ్లు 4,000 మంది, నిజంగా ధనవంతులైనవాళ్లు కొన్ని వందలమంది అని అంచనా. వాగులన్నీ అంతకు రెండేళ్ల ముందే పంపకమైపోయాయి. సరుకు అమ్మినవాళ్లు, హోటళ్లు పెట్టినవాళ్లు నయం. 1897లో కనుమ దాటిన బెలిండా మల్రూనీ వేడినీళ్ల సంచులు, బట్టలు తెచ్చి అమ్మి, ఆ లాభంతో డాసన్‌లో పేరున్న ఫెయిర్‌వ్యూ హోటల్ కట్టించింది. 1898 జూలైలో మార్తా పర్డీ అనే గర్భిణి, భర్త తోడు రాకపోయినా, తమ్ముడితో కలిసి ఈ కనుమ ఎక్కింది. మరుసటి జనవరిలో డాసన్‌లో ఒక దుంగల గుడిసెలో బిడ్డను కన్నది. మార్తా బ్లాక్ పేరుతో 1935లో కెనడా పార్లమెంటుకు ఎన్నికైంది కూడా ఆమే.

దారి ఆగిపోయిన రోజులు

1898 వసంతానికి కనుమ మీదుగా తీగల మీద బుట్టలు నడిచే రోప్‌వేలు వచ్చాయి. డబ్బున్నవాళ్లకు మెట్ల బాధ తప్పింది. కానీ అదే ఏడాది మేలో స్కాగ్వే నుంచి వైట్ పాస్ మీదుగా రైలుమార్గం పని మొదలైంది. 1899 జూలైలో రైలు బెన్నెట్‌కు చేరింది. ఆ దెబ్బకు చిల్కూట్ దారి పడిపోయింది. రోప్‌వేలను రైలు కంపెనీయే కొని విప్పేసింది. వేలమందితో కిటకిటలాడిన డయీలో 1903 నాటికి నలుగురైదుగురు మిగిలారు. అటు అన్వేషకులు 1899లోనే అలాస్కా పడమటి తీరంలోని నోమ్‌లో బంగారం దొరికిందని విని డాసన్ వదిలి వెళ్లసాగారు.

1960ల్లో అలాస్కా ప్రభుత్వం ఖైదీల చేత పొదలు కొట్టించి దారిని మళ్లీ తెరిపించింది. 1976లో అమెరికా తన వైపు భాగాన్ని జాతీయ చారిత్రక పార్కులో చేర్చింది. అవతలి భాగాన్ని పార్క్స్ కెనడా చూస్తోంది. 1998లో రెండు దేశాలూ కలిసి దీన్ని అంతర్జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించాయి. వేసవిలో రోజుకు 50 మందికే కనుమ దాటే అనుమతి ఇస్తారు.

ఆ నడకలో చూడాల్సినవి ఉన్నాయి. కాన్యన్ సిటీ దగ్గర అడవిలో రోప్‌వేను నడిపిన పెద్ద ఆవిరి బాయిలరు తుప్పు పట్టి కూర్చుని ఉంది. స్కేల్స్ దగ్గర రాళ్ల మధ్య ఇనప తీగలు, చక్రాలు, ఊడిపోయిన బూటు అట్టలు, రేకు డబ్బాలు. శిఖరం దగ్గర, ఎవరో అమ్ముదామని మోసుకొచ్చి వదిలేసిన మడత కాన్వాసు పడవలు. బెన్నెట్ ఒడ్డున 1899లో కట్టిన సెయింట్ ఆండ్రూస్ చర్చి. వాటిని ముట్టుకోవచ్చేమో గానీ తీసుకుపోవడం నేరం. అది మంచి చట్టం. ఒక్క బూటు అట్ట కదిలిపోయినా ఒక మనిషి అక్కడిదాకా వచ్చాడన్న సాక్ష్యం పోతుంది.

ఎవరిని తలుచుకోవాలి?

కార్మాక్ 1900లో షా ట్లాను వదిలేసి వేరే పెళ్లి చేసుకున్నాడు. సంపదలో ఆమెకు వాటా దక్కలేదు. 1920లో ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. కెనడా మైనింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 1999లో క్లోండైక్ ఆవిష్కర్తలుగా మగవాళ్ల పేర్లే చేర్చింది. షా ట్లా పేరు చేరడానికి మరో 20 ఏళ్లు పట్టింది. కీష్ 1916లో చనిపోతూ తన డబ్బును తన జాతి ప్రజల మేలుకు ఉపయోగించేలా ట్రస్టుకు రాశాడు. క్లోండైక్ నదీ ముఖం దగ్గర చేపలు పట్టుకుని బతికిన ట్రాండెక్ హ్వెచిన్ ప్రజలను వాళ్ల నాయకుడు చీఫ్ ఐజాక్ డాసన్ గొడవకు దూరంగా మూస్‌హైడ్‌కు తరలించాడు. తమ పాటలు పోతాయేమోనని అలాస్కాలోని బంధువులకు అప్పగించాడు. ఆ ప్రాంతాన్ని యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈసారి జాబితాలో ముందున్న పేరు వాళ్లది: ట్రాండెక్–క్లోండైక్.

చిల్కూట్ మీద పసిడి వేట సాగింది రెండేళ్లు. ట్లింగిట్ల నడక అంతకు ముందు ఎన్ని తరాలదో. అన్వేషకుల సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. టన్ను బరువును కొండ దాటించిన గుమాస్తా, పంతులు మామూలు మనుషులు కారు. కానీ దారి తెలిసినవాళ్లను మోతగాళ్లుగా, దారి తెలియనివాళ్లను మార్గదర్శులుగా రాసుకున్న చరిత్ర సరిదిద్దుకోవాల్సిన చరిత్ర. ఈ బాట కథ ఎవరు చెప్పినా కోక్లక్స్ పటంతో, కీష్ వీపు మీది 156 పౌండ్లతో మొదలుపెట్టాలి.

వచ్చే భాగంలో: బెన్నెట్ నుంచి బయలుదేరిన పడవలు వైట్‌హార్స్ సుడుల్లో ఏమయ్యాయి, గడ్డకట్టిన నేలను మంటలతో కరిగించి డాసన్‌లో బంగారం ఎలా తవ్వారు.

(సశేషం)